తోక తెగిన మాట

ఫిబ్రవరి 3

పొగమేఘాల మహారాణి, టైర్ల పాలిటి మృత్యుదేవత అయిన మా అక్కగారి పాదపద్మములకు,

ఈ ఉత్తరం రాస్తున్నందుకు ముందుగా క్షమాపణ. ఇన్నాళ్ళూ రాయనందుకు ఇంకో క్షమాపణ. నీకు తమ్ముడిగా పుట్టినందుకు, పుట్టినవాణ్ణి ఊరుకోక మాటలు నేర్చినందుకు, ఆ మాటలు నీ చెవిలో వేసినందుకు, ఆ చెవికి అడ్డంగా హెల్మెట్ ఉన్నందుకు, ముందు కారు వెనకభాగం అంత గట్టిగా ఉన్నందుకు, అన్నిటికీ కలిపి టోకున క్షమాపణలు. ఇది నాకు వెన్నతో పెట్టిన విద్య కదా. ఫ్రిజ్‌ల కంపెనీ ఫిర్యాదుల విభాగంలో రోజంతా చేసేది అదే. నేను తయారుచెయ్యని ఫ్రిజ్ నేను చూడని ఇంట్లో నేను తినని కూరని పాడుచేస్తే, ఫోనెత్తి నేను క్షమాపణ చెబుతాను. ఆ లెక్కన ఇది ఓవర్‌టైమ్.

లాంఛనం అయింది. ఇక కోపానికి వస్తాను.

ఫోన్‌లో నన్ను బ్లాక్ చేశావు. ఉత్తరాన్ని బ్లాక్ చేసే మీట ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి వర్క్‌షాపు చిరునామాకి ఇది రాస్తున్నాను. చింపితే చింపు, చదివి చింపు.

మొదటి డ్రిఫ్టింగ్ పోటీలో జరిగింది నా వైపు నుంచి ఒక్కసారి విను. నువ్వు వెంట కారు. ముందు కారు ఎలా అడ్డంగా జారితే నువ్వూ అలాగే జారాలి, దాని తలుపుకి నీ కారు మూతి ఆనించినంత దగ్గరగా. (అమ్మ ఇప్పటికీ అడుగుతోంది, "ఇంతకీ ఫస్టు ఎవరొచ్చార్రా?" అని. ఈ ఆటలో ఎవరూ ఫస్టు రారమ్మా, ఎంత అడ్డంగా వెళ్ళారన్నదానికే మార్కులు అని చెప్పాను. "అడ్డంగా వెళ్తే మార్కులా? మరి బళ్ళో దానికి ఒక్కటీ రాలేదేం?" అంది.) ముందు కారు టైర్ల పొగలో నీకు నీ స్టీరింగే కనపడదు. అందుకేగా నన్ను మంచె ఎక్కించి చేతికి రేడియో ఇచ్చింది. స్పాటర్ అంటే ఎవరు? నీ చెవిలో ఉండే కన్ను.

మూడో మలుపులో ముందు కారు గిర్రున తిరిగి దారికి అడ్డంగా ఆగిపోయింది. చూశాను. చూసిన మరుక్షణం "తొక్కకు!" అని అరిచాను. తెలుగులో అంతకన్నా తేట మాట లేదు. నువ్వు తొక్కావు. పసిపిల్లని "పొయ్యి ముట్టుకోకు" అంటే పనిగట్టుకుని ముట్టుకున్నట్టు, పూర్తిగా, నేలకి అంటేదాకా తొక్కావు. రేడియేటరు పగిలింది, నీ మణికట్టు బెణికింది, మార్కులు సున్నా. నింద నాది!

ఈ సున్నా ఖరీదు నాకు తెలియదనుకోకు. మీ జట్టు యజమాని పెద్దాయన సీజను మొదటిరోజున అన్ని జట్ల ముందూ మైకు పట్టుకుని అన్నాడు: "వచ్చే ఏడాది నా దగ్గర ఒక్క కారే ఉంటుంది. మా అల్లుడూ ఈ అమ్మాయీ, ఇద్దర్లో ఎవరు పైన నిలిస్తే కారు వాళ్ళది." ఇప్పుడు అల్లుడుగారు పైన, నువ్వు కింద. నా వల్లే అని నువ్వంటున్నావు. నీ చెవుల వల్ల అని నేనంటున్నాను.

జవాబు కోరని, కానీ రాస్తే చదివే,
తోక

&nbsp;

ఫిబ్రవరి 14

ఒరేయ్ తోకా,

బెణికింది ఎడమ మణికట్టు. కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి రాస్తున్నాను. ఎదురుగా ఉంటే దాంతో వేరే పని చేసేదాన్ని.

నువ్వు "తొక్కకు" అన్నావేమో. నాకు వినపడింది "తొక్క". "తొక్కు" కూడా కాదురా. "తొక్క!" అదీ గొంతు చించుకుని. నడిమలుపులో, స్టీరింగు మొత్తం ఎదురుకి తిప్పి, కళ్ళకి గంతలు కట్టినట్టు పొగలో వెళ్తుంటే, సొంత తమ్ముడు మంచె మీద నిలబడి నా డ్రైవింగు చూసి "తొక్క" అన్నాడు! ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నా కుడికాలు ఎక్కడికి పోతుందో నీకు తెలియదా? "నీకు తొక్కా నా డ్రైవింగు, చూడు" అని తొక్కాను. చూశావుగా.

మరి ఆ "కు" ఏమైపోయింది అంటావా? మెకానిక్‌ని అడిగాను. రేడియోలో లోపం లేదట, నీ బొటనవేలిలో ఉందట. మాట పూర్తికాకుండానే బటన్ వదిలేస్తావట. మన భాషలో "వద్దు" అనేది ఎప్పుడూ తోకలోనే ఉంటుందిరా. వెళ్ళు, వెళ్ళకు. పట్టు, పట్టకు. తోక తెగితే ప్రాణం తీసే మాట అవుతుంది. పుట్టినప్పటినుంచీ నా వెనకే తిరుగుతావని నిన్ను తోకా అని పిలుస్తున్నాం. తోక విలువ నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

పెద్దాయన నిన్ను తీసేశాడు. "బంధువులు మంచె మీద ఉంటే ఇంతే" అన్నాడు, పక్కన అల్లుణ్ణి నిలబెట్టుకుని. ఇకనుంచి ఆఫీసు గుమాస్తాగారు నా స్పాటరు. చాలా మర్యాదస్తుడు. ఇంతవరకూ ఎవరినీ "నువ్వు" అనలేదట. నువ్వు నీ ఫ్రిజ్‌ల దగ్గర చల్లగా ఉండు.

నీకు అక్కగా ఉండాలా మానాలా అని ఆలోచిస్తున్న,
అక్క

&nbsp;

మార్చి 22

తోక తొక్కిన తాచుగారికి,

ఈసారి పాదపద్మాలు లేవు. స్టాకు అయిపోయింది.

రెండో పోటీ ఆఫీసులో ఫోన్‌లో చూశాను, ఒక చెవిలో ఒకావిడ "మంచు గడ్డ కట్టట్లేదు బాబూ" అంటుంటే. నువ్వు మొదటి జోడీలోనే ఓడిపోయావు. మలుపు అయ్యాక బ్రేకు, గీత దాటాక తొక్కుడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉంది వ్యవహారం, ఊదేది ఎవరో, చెవిటి ఎవరో తెలియలేదు. "నాకు కొంచెం కూడా సంతోషం కలగలేదు" అని రాద్దామనుకున్నాను. కలిగింది. తరవాత అన్నం సహించలేదు. రెండూ నిజమే.

కోపం దానికి కాదు. మెకానిక్‌కి ఫోన్ చేశాను, నీ మణికట్టు ఎలా ఉందని. "చెయ్యి బానే ఉంది బాబూ, నోరు ఇంకా బావుంది" అన్నాడు. ఏమైందంటే ఇలా చెప్పాడు: "ఇప్పుడే పెద్దాయన ముందు నిలబడి అరుస్తోంది. 'తమ్ముడు కావాలని' అంటోంది, ఆపైన గ్రైండరు మోతలో ఏమీ వినపళ్ళేదు."

ఆపైన వినక్కర్లేదులే. తమ్ముడు కావాలని చేశాడు! అంతేనా? నీ కారు, నీ చెయ్యి, నీ ఏడాది, నేను కావాలని పగలగొట్టానా? నేల మీద పడుకుని నీ టైర్లకి గాలి పట్టినవాణ్ణి. నువ్వు కాల్చిపారేసిన టైర్ల ముక్కలు నా జుట్టులోంచి ఏరుకున్నవాణ్ణి. వేలు తొందరపడిందంటే ఒప్పుకుంటాను. మనసు చెడ్డదంటే ఒప్పుకోను. అది కూడా నా మొహం మీద కాదు, ఆ మామా అల్లుళ్ళ ముందు!

అమ్మకి చెప్పలేదు. చెబితే ఇద్దర్నీ కొడుతుంది, నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి నీ వాటా కూడా నాకే పడుతుంది.

కావాలని రాస్తున్న,
తమ్ముడు

&nbsp;

ఏప్రిల్ 9

ఒరేయ్ చవటా,

గ్రైండరు ఆగేదాకా ఆగాల్సింది. నేనన్నది: "తమ్ముడు కావాలని అడుగుతున్నాను." నా తమ్ముడు నాకు కావాలి, వాణ్ణి మంచె ఎక్కించండి అని పెద్దాయన మొహాన అరిచాను. నువ్వేమో సగం మాట పట్టుకుని నెలంతా ఉడికిపోయావా? అప్పుడు నేను సగం మాట విని కారు గుద్దాను, ఇప్పుడు నువ్వు సగం మాట విని అక్కని గుద్దావు. సరిపోయింది. అయినా నా కోపం పోలేదు, ఆశపడకు.

గుమాస్తాగారి సంగతి విను. మొదటి మలుపులోకి పక్కకి జారుతూ వెళ్తున్నాను. చెవిలో వినపడింది: "మేడమ్, నమస్కారమండీ." అప్పటికే సగం మలుపు. "ముందు కారు కొద్దిగా నెమ్మదిస్తున్నట్టుగా కనిపిస్తోందండీ. తమరు కూడా దయచేసి..." దయ పూర్తయ్యేసరికి మలుపు పూర్తయింది. కిందికొచ్చాక అడిగాను.

"అయ్యా, కాలు తియ్యమనడానికి 'ఎత్తు' అని ఒక్క ముక్క అనలేరా?"

"ఆడపిల్లని ఏకవచనంలో ఎలా అంటానమ్మా?"

"పోనీ 'ఎత్తండి' అనండి."

"అదే అనబోతున్నానండీ, ఈలోగా తమరు వెళ్ళిపోయారు."

తిడదామనుకున్నాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గౌరవం వల్ల ఓడిపోయిన మనిషిని ఈ ఆటలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మూడో పోటీలో ఆయన్ని అసలు మాట్లాడవద్దన్నాను. ఆ మౌనంతోనే కాస్త పైకొచ్చాను. ఇప్పుడు అల్లుడుగారు నాకన్నా ఒక్క మెట్టు పైన. ఆఖరి పోటీ ఒకటే మిగిలింది.

పెద్దాయన ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో తెలియదు. నవ్వుతూ ఒప్పుకున్నాడు, అదే నాకు నచ్చలేదు. రా. కానీ షరతు. వద్దనే "కు"తో ముగిసే మాట ఒక్కటి నీ నోట వస్తే మంచె కిందికొచ్చి నిన్ను టైర్లకి కట్టేస్తాను. తొక్కకు అనవద్దు, "ఎత్తు" అను. తిరగకు అనవద్దు, "నిలబెట్టు" అను. బటన్ నొక్కు, ఊపిరి పీల్చు, మాట చెప్పు, మాట అయ్యాక ఇంకో ఊపిరి తీసుకో, అప్పుడు వదులు.

ఇంకా కోపంగానే ఉన్న,
అక్క

&nbsp;

మే 2

శ్రీమతి షరతులమ్మకి,

ఒప్పందం అంగీకరించడమైనది. అద్దం ముందు సాధన చేస్తున్నాను. నిన్న అమ్మ పాలగిన్నె పొంగుతుంటే "పొంగనివ్వకురా" అని కేకేసింది. "కు వాడవద్దమ్మా, 'దించు' అను" అన్నాను. గిన్నె పొంగింది. గరిటె దిగింది.

సెలవు అడిగితే మేనేజరు "ఇంట్లో ఎవరైనా పోయారా?" అన్నాడు. "ఇంకా లేదు సార్, మూడో మలుపుని బట్టి ఉంటుంది" అన్నాను. ఇచ్చాడు.

నాకూ కోపం ఇంకా ఉంది. నీ మాట సగం విన్నానని ఒప్పుకుంటాను. కానీ ఆ సగం వినగానే నమ్మేశానంటే, అలా అనగలవని నాకు అనిపించింది కాబట్టే కదా? అలా అనిపించేట్టు చేసింది ఎవరు? దారిలో ఆలోచించు. నేను బస్సులో ఆలోచిస్తాను.

పెద్దాయన నవ్వు గురించి రాశావు చూడు, అది నాకూ నచ్చలేదు.

త్వరలో నీ చెవిలో వాలబోయే,
తోక

&nbsp;

మే 26

నీకు సంబోధన లేదు.

తోక ముడిచి పారిపోయావు. మంచె మీద చూస్తే రేడియో ఉంది, నువ్వు లేవు. ఎందుకు పారిపోయావో పెద్దాయన చెప్పాడు. అది రాస్తాను, చదువుకో. నేనెంత ఎరిగి రాస్తున్నానో నీకు తెలియాలి.

ఎనిమిది కార్లు మిగిలాయి. నాకు అల్లుడుగారితో జోడీ పడింది. ఇందులో గెలిచినవాళ్ళు పైన, ఓడినవాళ్ళు కింద, వచ్చే ఏడాది కారు అక్కడే తేలిపోతుంది. మొదటి పరుగులో నేను ముందు. నీ గొంతు గంటలా వినపడింది. "పట్టు... పట్టు... ఎత్తు... ఇప్పుడు తొక్కు." ఒక్క తోకా తెగలేదు. అంచున పాతిన ప్లాస్టిక్ జెండాలన్నిటినీ కారు వెనకభాగంతో తుడుచుకుంటూ వెళ్ళాను. నిజం చెబుతున్నాను, హెల్మెట్‌లో నవ్వుకున్నాను. నా తమ్ముడు వచ్చాడు అనుకున్నాను.

రెండో పరుగులో ఆయన ముందు, నేను వెంట. బయలుదేరాం. చెవిలో ఏమీ లేదు. మొదటి మలుపు, ఏమీ లేదు. పొగ కమ్మేసింది. "తోకా!" అని అరిచాను. ఏమీ లేదు. చచ్చినట్టు ఆయన ఇంజను మోత వింటూ, మోత తగ్గితే ఎత్తుతూ, పెరిగితే తొక్కుతూ వెళ్ళాను. మూడో మలుపు వచ్చింది. మొదటి పోటీ గుర్తొచ్చింది. కన్నూ లేదు, నువ్వూ లేవు. కోపం ఒక్కటే ఉంది, దాని మీదే నడిపాను. పొగ విడిపోయాక చూస్తే నా మూతి ఆయన తలుపు పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో. ముగ్గురు జడ్జీలూ నన్నే గెలిపించారు.

హెల్మెట్ తీయకముందే పెద్దాయన వచ్చాడు. చుట్టూ మిగతా జట్లవాళ్ళు.

"మాట వినలేదేం?"

"ఏ మాట?"

"మీ తమ్ముడితో చెప్పించాను కదా. వదిలెయ్, వెనక్కి తగ్గు, మావాణ్ణి పోనివ్వు అని. నా పక్కనే నిలబడి చెప్పాడు. ఈ రెండు చెవులతో విన్నాను."

"నాకు వినపడలేదు."

"వినలేదా, వినపడలేదా? తేడా ఉందమ్మాయ్. వినపడి వినకపోతే జట్టులోంచి తీసేసే హక్కు నాకుంది."

"వినపడలేదు."

"ప్రమాణం చెయ్యి. కారు మీద."

బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. అప్పుడే పరుగెత్తి వచ్చిన కారు, ఎంత వేడిగా ఉంటుందో నీకు తెలుసు. "నాకు ఒక్క మాట కూడా వినపడలేదు" అన్నాను. చెయ్యి తీయలేదు. ఆయనే కళ్ళు దించుకున్నాడు. జట్లన్నీ చూస్తుంటే ఇంకేం చేస్తాడు? నెలాఖరులోగా కాగితం రాసిస్తానన్నాడు.

ఆ తరవాతే నాకు అర్థమైంది. ఆయన నవ్వుతూ నిన్నెందుకు రప్పించాడో. వేరేవాళ్ళు చెబితే నేను విననని, నువ్వు చెబితే వింటానని. నువ్వు చెప్పావు కూడా! నా చెవిలో కన్నువని వచ్చి, నా కాలు తీసెయ్యబోయావు. ఏమిచ్చాడు నీకు? ఏమని బెదిరించాడు? నన్ను ఒక్క మాట అడగలేకపోయావా? చెడిపోయిన రేడియో నీకన్నా నయం. మెకానిక్ విప్పి చూసి బాగానే ఉందంటాడు. బాగున్నా చెడినా దానికే దండం పెట్టాను.

అరచేతికి కట్టు ఉంది. ఈసారి కుడిచెయ్యి. ఎడమచేత్తో ఇంత రాశానంటే ఎంత మండుతున్నానో చూసుకో.

&nbsp;

జూన్ 4

అక్కా,

కాగితం మీద సంతకం అయిందని మెకానిక్ చెప్పాడు. గ్రైండరు ఆపించి, రెండుసార్లు చెప్పించుకున్నాను. కారు నీదే. ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను, అంతకుముందు ఒక్క గీత గీయలేదు.

ముందుగా, చెయ్యని నేరాలన్నిటికీ సమష్టిగా క్షమాపణ. పెద్దాయన దగ్గర ఏమీ పుచ్చుకోలేదు, అందుకు క్షమించు. ఆయన బెదిరించాడు, బెదరలేదు, అందుకూ క్షమించు. ఆయన అన్నది ఇదే: "నువ్వు చెప్పకపోతే మంచె దిగు, గుమాస్తా ఎక్కుతాడు." గుమాస్తాగారు ఎక్కితే ఏమవుతుంది? "మేడమ్, నమస్కారమండీ" అని మొదలుపెట్టినా ఎక్కడో ఒకచోట చెబుతాడు. ఆయన గొంతులో అబద్ధం ఉండదు. నువ్వు వింటావు. విన్నాక వినకపోతే జట్టులో ఉండవు, వింటే కారు ఉండదు. నేను దిగదల్చుకోలేదు.

కానీ నాకు కోపం వచ్చింది. చెప్పనివ్వు. నీ ఉత్తరం చదివి ఫిర్యాదుల గదిలో హెడ్‌సెట్ విసిరికొట్టాను. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఆ పెద్దాయన నోటినుంచి వచ్చినదానికి నీ దగ్గర ఉన్న విలువ నాకు లేదా? నవ్వు నచ్చలేదని నువ్వే రాశావు కదా! ఆ నవ్వు చెప్పిన మాట మాత్రం నచ్చిందా? "నా తమ్ముడు అలా చేస్తాడా" అని ఒక్క ముక్క, ఉత్తరంలో ఎక్కడో ఒక మూల, కొట్టేసైనా సరే, రాసి ఉండాల్సింది. వెతికాను. లేదు.

పారిపోయాననేది నిజం. నీ ఎదుట నిలబడితే అడుగుతావు. అడిగితే చెప్పేస్తాను. చెప్పాక, అబద్ధం ఆడటం రాని మనిషివి, కాలుతున్న బానెట్ మీద చెయ్యి ఎలా పెడతావు? నీకు తెలియనంతసేపే నువ్వు చెప్పేది నిజం. అందుకని ఎవరి మొహం చూడకుండా మంచె దిగి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు. అద్దం దిగదు, వాన పడుతోంది, నేనింకా "పట్టు, ఎత్తు" అని గొణుగుతూనే ఉన్నాను. పక్కన ముసలాయన "జ్వరమా బాబూ?" అని అడిగాడు. "మా అక్క గెలిచిందండీ" అన్నాను. కాస్త జరిగి కూర్చున్నాడు.

ఇక నేను నిజంగా చేసింది ఒక్కటే ఉంది. రెండో పరుగు మొదలైంది. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి "ఊఁ, చెప్పు" అన్నాడు. రేడియో నోటికి ఆనించి, ఆయన రెండు చెవులకీ తృప్తి కలిగేదాకా అరిచాను. "వదిలెయ్ అక్కా! వెనక్కి తగ్గు! ఆయన్ని పోనివ్వు!" మొదటినుంచి చివరిదాకా, ఒక్క అక్షరం మింగకుండా. బొటనవేలు బటన్ మీద ఆనించే ఉంచాను, అల్లుడుగారి కారు గిర్రున తిరిగితే నొక్కుదామని.

తిరగలేదు. నేను నొక్కలేదు.

తోక